బీ550 బోర్డులో రెండో 3060 గ్రాఫిక్స్ కార్డు కనపడట్లేదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతాండాయి. చిప్‌సెట్ మార్చాల్నా?

కర్నూలు_ఎలివేషన్:
అన్నలారా పెద్ద పోస్టు, కొంచెం ఓపిగ్గా చదవండి. మాది కర్నూలు, ఇళ్లకి త్రీడీ ఎలివేషన్లు చేసిస్తా, సి క్యాంపు కాడ చిన్న రూము తీసుకోని ఒక్కన్నే చేసుకుంటా. బ్లెండర్‌లో సైకిల్స్ (దాంట్లో బొమ్మ గీసే ఇంజిన్) మీద రెండర్లు, ఎవరన్నా వాక్‌త్రూ వీడియో కావాలంటే లుమియన్. సిస్టం వచ్చేసి రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 650 వాట్ల పవర్ సప్లై. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు రెండు ఉండాయి, ఒకదాంట్లో విండోస్, ఇంగోదాంట్లో ప్రాజెక్టులు టెక్స్చర్లు అన్నీ.

ఇప్పుడు శంకుస్థాపన ముహూర్తాలు వరసగా ఉండాయి, పని మీద పని. హైదరాబాదులో తెలిసినాయన వాడిన 3060 ఇంగోటి అమ్ముతాంటే 15 వేలకి తీసుకుంటిని, బస్సు పార్శిల్లో వచ్చింది. రాత్రి కూచోని కింద ఉండే రెండో పొడుగు స్లాట్లో పెట్టినా, 8 పిన్ వైరు పెట్టినా, ఆన్ చేస్తే రెండు కార్డుల ఫ్యాన్లూ గిర్రున తిరిగినాయి, లైటు కూడా వెలిగింది, నేనేమో పని అయిపాయనుకుంటి. తీరా విండోస్‌లోకి పోయి డివైస్ మేనేజర్ చూస్తే ఒకే ఒక్క 3060. డ్రైవరు పీకేసి మళ్లా వేసినా, బయోస్ అప్‌డేట్ చేసినా, ఊహూ. కార్డు చచ్చిందేమో అని అదొక్కదాన్నే పై స్లాట్లో పెట్టి చూస్తే శుభ్రంగా పని చేస్తాండాది.

ఈడ ఒక కంప్యూటర్ అంగడాయన్ని అడిగితే "నీ బోర్డు చిప్‌సెట్‌కి ఎస్‌ఎల్‌ఐ సపోర్టు లేదప్పా, రెండు కార్డులు కావాలంటే ఇంటెల్ జెడ్ సిరీస్ బోర్డు, దానికి తగ్గ ప్రాసెసరు వేయాల, 45 వేలు దాకా అయితాది" అన్నాడు. 15 వేల కార్డుని ఆడించేదానికి 45 వేలు యాడ్నించి తేవాల. ఎస్‌ఎల్‌ఐ అంటే రెండు కార్డుల్ని జత చేసే పద్ధతంట. నా బోర్డు డబ్బా మీదేమో అట్లాంటిదే క్రాస్‌ఫైర్ సపోర్టు అని రాసుంది, ఎస్‌ఎల్‌ఐ మాట యాడా లేదు. ఆయన చెప్పింది నిజమేనా? కార్డు వాపసు ఇచ్చేద్దామా అని కూడా అనుకుంటాండా, అమ్మినాయన వారం టైమిచ్చినాడు.

రాయల్_గేమర్:
బ్రో ఎస్‌ఎల్‌ఐ బ్రిడ్జి పెట్టినావా? రెండు కార్డుల మీద క్లిప్పు మాదిరి ఉంటాది చూడు, అది లేకుంటే రెండు కలవవు. ఆన్‌లైన్లో దొరుకుతాది.

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
రాయల్ తమ్ముడూ, నువ్వు చెప్పే క్లిప్పు పెట్టేదానికి 3060 నెత్తి మీద జాగానే లేదు. 30 సిరీస్‌లో ఆ కనెక్టరు ఉండేది 3090, 3090 టీఐలకే, 40 సిరీస్ వచ్చేసరికి అదీ ఎత్తేసినారు. 2021 జనవరి నించి ఎస్‌ఎల్‌ఐకి కొత్త ప్రొఫైళ్లు కూడా ఎన్‌విడియా రాయడం మానుకున్యాది. కాబట్టి ఆ మాట వదిలెయ్.

ఎలివేషన్ తమ్ముడూ, వాపసు గీపసు ఇప్పుడే వద్దు, ముందు ఇది వినుకో. ఎస్‌ఎల్‌ఐ, క్రాస్‌ఫైర్ అనేటివి గేముల కోసం పుట్టినవప్పా. ఒకే ఫ్రేముల వరసని రెండు కార్డులు పంచుకోని గీయాల, అవి రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల, దానికి బ్రిడ్జి, దానికి లైసెన్సు, పెద్ద కత. బ్లెండర్‌కి ఇదేం అక్కర్లేదు. సైకిల్స్ ఏం జేస్తాదంటే సీనంతా రెండు కార్డుల్లోకీ వేర్వేరుగా ఎక్కించి, నువ్వు ఈ ముక్క చెయ్ నువ్వు ఆ ముక్క చెయ్ అని పని పంచుతాది. కార్డులు ఒకదాని మొగం ఒకటి చూసుకునే పనే లేదు. అంగడాయన చెప్పిన ఎస్‌ఎల్‌ఐ సంగతి పదేండ్ల కిందటి జ్ఞానం, తప్పని కూడా అనలేం, ఆ కాలానికి కరెక్టే.

ఇంగ కార్డు ఎందుకు కనపడ్డంలేదంటే, నాకు అనుమానం నీ రెండో ఎన్‌వీఎంఈ మీద. యాలంటావా, చెప్తా.

ప్రాసెసర్‌ని డ్యామ్ అనుకో. రైజెన్ 5000లో దాన్నించి 24 లేన్లు, అంటే డేటా పోయే దార్లు, బయటికొస్తాయి. 16 పై స్లాటుకి, 4 మొదటి ఎం.2కి (ఎన్‌వీఎంఈ పెట్టే జాగా), మిగిలిన 4 చిప్‌సెట్‌కి. అంతే. బోర్డు మీద మిగతా సామానంతా, అంటే కింది పొడుగు స్లాటు, రెండో ఎం.2, శాటాలు, నెట్టు, చానా యూఎస్‌బీలు, చిప్‌సెట్ అనే పిల్లకాలవ కింద బతకాల్సిందే. మా తుంగభద్ర హెచ్చెల్సీ కాలవ చివరాకరి ఊర్ల రైతుల పరిస్థితి. బీ550లో ఆ పిల్లకాలవ కూడా పీసీఐఈ (ఈ లేన్ల పద్ధతి పేరు) 3.0 నాలుగు లేన్లే, ఎక్స్570 చిప్‌సెట్ అయ్యుంటే 4.0 ఉండేది. ఇంగ బోర్డు కంపెనీవోడు ఏం జేస్తాడంటే చిప్‌సెట్ లేన్లు చాలక ఒకే నాలుగింటిని రెండో ఎం.2కీ కింది స్లాటుకీ ఇద్దరికీ రాసిస్తాడు, ఎవరు ముందు కూచుంటే వాళ్లది. ఎం.2లో డ్రైవు కనపడిందంటే స్లాటుకి కరెంటు వస్తాది గానీ డేటా రాదు. కార్డు ఫ్యాన్లు తిరిగేదానికి కరెంటు ఉంటే చాలు, ఫ్యాన్లు తిరిగినంత మాత్రాన బోర్డు దాన్ని గుర్తుపట్టినట్టు కాదు.

అన్ని బీ550 బోర్డులూ ఇట్లే ఉంటాయని కాదు, కొన్ని శాటా 5, 6 పోర్టులు మూసేస్తాయి, కొన్ని స్లాటుని ఎక్స్2కి, అంటే రెండు లేన్లకి, తగ్గిస్తాయి. నీ బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ తెరిచి స్లాట్ల బొమ్మ ఉండే పేజీ కింద చిన్న అక్షరాల్లో చుక్క పెట్టి రాసింటాడు చూడు. అది చదివి ఈడ పెట్టు. అట్లనే రెండో ఎన్‌వీఎంఈ ఒకసారి పీకేసి ఆన్ చెయ్, దుడ్లు పెట్టే పని కాదు, ఒక స్క్రూ.

కర్నూలు_ఎలివేషన్:
అన్నా నీ కాళ్లకి దండం. మాన్యువల్లో నిజంగానే ఉంది, "ఎం2_2లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఈ స్లాటు పని చేయదు" అని, చీమ తల అంత అక్షరాల్లో. పైగా ఆ పేజీ నేను బోర్డు కొన్నప్పుడు చూసింటా కూడా, అప్పుడు ఒక్క కార్డే కాబట్టి పట్టించుకోలా.

ఎన్‌వీఎంఈ తీసేసి ఆన్ చేస్తే రెండు 3060లు వచ్చినాయి! బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టం కాడ ఆప్టిక్స్ కింద రెండూ టిక్ పెట్టే డబ్బాలు కనపడతాండాయి. ఇంత సంతోషం నాకు బండి కొన్నప్పుడు కూడా లేదు.

కానీ ఇప్పుడు ఇంగో సందేహం. జీపీయూ-జెడ్ అనే కార్డు వివరాల సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కింది కార్డు "ఎక్స్16 4.0 ఎట్ ఎక్స్4" అని చూపిస్తాండాది, 1.1 అంటాది. అది నువ్వు చెప్పిందే అనుకున్నా, సరే. పై కార్డు కూడా 4.0 చూపించల్లా కదా, అది కూడా 1.1 అని ఉంది! పై స్లాటు ప్రాసెసర్ నించి నేరుగా కదా? నా పై స్లాటు కూడా చెడిపోయిందా?

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
భయపడాకు. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు మిగిలిచ్చేదానికి లింకు స్పీడు కిందికి దించుకుంటాది, అందుకే 1.1. ఆ బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి పక్కన ప్రశ్న గుర్తు ఉంటాది, అది నొక్కి రెండర్ టెస్ట్ స్టార్ట్ చెయ్, కార్డుకి పని పడినంక అసలు స్పీడు చూపిస్తాది.

కర్నూలు_ఎలివేషన్:
చేసినా అన్నా. పైది ఎక్స్16 3.0, కిందిది ఎక్స్4 3.0. ఇప్పుడు కూడా పైది 4.0 కి పోలేదు. బీ550 అంటే 4.0 ఉంటాదని చెప్పే కదా అప్పుడు నాకు అమ్మినారు.

టవర్‌క్లాక్_టెక్:
ప్రాసెసర్ పేరు పూర్తిగా చెప్పు. 5600 నా, 5600ఎక్స్ నా, 5600జీ నా?

కర్నూలు_ఎలివేషన్:
ఆఁ... డబ్బా వెతికి చూసినా. 5600జీ. అప్పట్లో కార్డుల రేట్లు మండిపోతాంటే డిస్‌ప్లే దాంట్లోనే వస్తాదని అది తీసుకుంటిని, కార్డు తర్వాత కొన్నా.

టవర్‌క్లాక్_టెక్:
అదీ సంగతి. 5600జీ పీసీఐఈ 3.0 మాత్రమే ఇస్తుంది, బోర్డు ఏదైనా సరే. బోర్డు డబ్బా మీద 4.0 అని ఉంటే అర్థం, లోపల పెట్టిన ప్రాసెసర్ ఇస్తే నేను అడ్డుపడను అని. పాత జీ లు ఇంకా ఘోరం, 2200జీ, 3400జీ అయితే పై స్లాటుకి 8 లేన్లే వచ్చేవి.

నీ పనికి దీనివల్ల నష్టం లేదు. ప్రాసెసర్ మార్చద్దు.

దేవునికడప_జీపీయూ:
ఎలివేషన్ అబ్బీ, మాది కడప. నేను రెండు 3060లు వేరే పనికి వాడతాండా, ఏఐ మోడళ్లు ఇంట్లోనే నడిపేదానికి. నా అనుభవం చెప్తా, నీకు ఎక్స్4 భయం పోతాది.

3.0లో ఒక లేను సెకనుకి 1 జీబీకి రవ్వంత తక్కువ మోస్తాది. ఎక్స్4 అంటే దగ్గర దగ్గర 4 జీబీ, ఎక్స్16 అంటే 16 జీబీ కి కొంచెం తక్కువ. నీ సీను ఎంతుంటాది, 6 జీబీ అనుకో. పై కార్డులోకి అర సెకనులో ఎక్కే సీను కింది కార్డులోకి ఎక్కేదానికి సెకనున్నర పడ్తాది. ఆ తర్వాత పది నిమిషాలు కార్డు తనలో తానే లెక్కలు చేసుకుంటా ఉంటాది, ఆ టైములో ఆ వైరు మీద పెద్దగా ఏం నడవదు. పది నిమిషాల పనికి ఒక సెకను పోతే ఎవరికి పట్టింది.

నా కాడ కూడా అంతే, మోడల్‌ని పొరలు పొరలుగా రెండు కార్డుల్లో సగం సగం పెడతా, ఒక కార్డు నించి ఇంగో కార్డుకి పోయే డేటా చానా తక్కువ. మొదట్లో మైనింగోళ్లు వాడే ఎక్స్1 రైజరు మీద పెట్టింటి రెండో కార్డుని, మోడల్ ఎక్కేదానికి టీ తాగొచ్చేంత సేపు పట్టేది గానీ ఎక్కినంక బాగానే నడిచేది. అదే ప్రతి పొరనీ రెండుగా చీల్చి ఒకేసారి రెండు కార్డుల మీద నడిపే పద్ధతి ఒకటుండాది, దాంట్లో మాత్రం కార్డులు మాటిమాటికీ మాట్లాడుకోవాల, ఆడ ఎక్స్4 ఊపిరాడనియ్యదు. గేములదీ అదే కత, ఫ్రేము ఫ్రేముకీ డేటా పోతా ఉంటాది.

ఒక తేడా గుర్తుపెట్టుకో. నాకు 12, 12 కలిపి 24 అయితాది, మోడల్ సగం సగం ఉంటాది కాబట్టి. నీకు అట్ల కాదు. బ్లెండర్లో సీను మొత్తం ప్రతి కార్డులోనూ పట్టాల, కాబట్టి నీకు ఇప్పటికీ 12 జీబీనే లెక్క. ఒక్క కార్డులో మెమరీ చాలక ఎర్రర్ వచ్చే సీను రెండు కార్డులున్నా ఎర్రరే. ఇది తెలీక జనం చానామంది దుడ్లు తగలేసుకుంటాండారు.

కర్నూలు_ఎలివేషన్:
ఓహో, 24 అయితాదనే కదా నేను కొన్నది సగం 😅 సరేలే, స్పీడన్నా వస్తాది. మరి లుమియన్‌కి?

దేవునికడప_జీపీయూ:
లుమియన్ ఒక్క కార్డునే వాడుకుంటాది, రెండోది ఊరికే చూస్తా కూచుంటాది. వాక్‌త్రూలు ఎక్కువ చేసేవానివైతే రెండో కార్డు కొనే బదులు ఉండేది అమ్మి ఒక పెద్ద కార్డు తీసుకునుంటే బాగుండేది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు కూడా చూసుకోండి, డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ విండోస్‌లో ఒక్క కార్డే తీసుకుంటాది, రెండోది కావాలంటే స్టూడియో వెర్షన్ కొనాల. వీ-రే జీపీయూ అయితే రెండూ వాడుకుంటాది.

కర్నూలు_ఎలివేషన్:
లుమియన్ పని నెలకి ఒకటో రెండో వస్తాయి. మిగతాదంతా స్టిల్స్, బ్లెండరే. కాబట్టి పర్లేదు.

రిజల్ట్ చెప్తాండా వినండి. జొహరాపురం సైడు ఒక డ్యూప్లెక్సు, నైట్ వ్యూ, 4కె. ఒక్క కార్డుతో 9 నిమిషాల 40 సెకన్లు. రెండిటితో 5 నిమిషాల 6 సెకన్లు!! ఎక్స్4 అని నేను పడిన బాధంతా దండగ.

కానీ (ఈ కానీ లేని రోజు లేదు నాకు) రెండో రెండర్ మొదలుపెట్టిన అర నిమిషానికి యూపీఎస్ కీఁ అని అరిచి మొత్తం ఆఫ్ అయిపాయ. కరెంటు పోలా, ఫ్యాను తిరుగుతానే ఉంది. మళ్లా ఆన్ చేసి పెడితే మళ్లా అదే. పవర్ సప్లై చాలడంలేదా? 850 కొనాల్నా?

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
యూపీఎస్ ఎంత?

కర్నూలు_ఎలివేషన్:
600 వీఏ.

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
నవ్వొస్తాంది గానీ నవ్వకూడదు. 600 వీఏ అని డబ్బా మీద పెద్దగా రాసి, వెనకాల చిన్నగా 360 వాట్లు అని రాసింటాడు, తిప్పి చూడు. 3060 ఒక్కొక్కటి 170 వాట్లు, రెండు కలిపి 340. ప్రాసెసర్, బోర్డు, డ్రైవులు, మానిటరు, అన్నీ కలిపితే 500 దగ్గరికి పోతాది. యూపీఎస్ పాపం ఏం జేస్తాది. నీ 650 పవర్ సప్లై మంచి కంపెనీదైతే దాన్ని మార్చే పని లేదు, మారాల్సింది యూపీఎస్.

అదొచ్చేంత వరకు ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లో రెండు కార్డులకీ పవర్ లిమిట్ 75 శాతానికి దించు. రెండర్ టైము కొంచెం పెరుగుతాది, కరెంటు మాత్రం 80 వాట్ల పైన మిగుల్తాది. నా మాట విని అదే శాశ్వతంగా పెట్టుకో, యాలంటే మనది కర్నూలు, అనంతపురం ఎండలు. ఏప్రిల్, మేలో రూములోనే 40 దగ్గరుంటే కార్డు ఎంతని చల్లబడ్తాది.

ఇంగొకటి, రెండో కార్డుకి 8 పిన్ వైరు యాడ్నించి తెచ్చినావు? పవర్ సప్లై నించి విడిగా వచ్చిన వైరా, లేకుంటే శాటా కరెంటు వైరుని 8 పిన్‌గా మార్చే కన్వర్టరా?

కర్నూలు_ఎలివేషన్:
కన్వర్టరే అన్నా. కార్డుతో పాటే ఆయన ఇచ్చినాడు. బాగానే పని చేస్తాండాది కదా?

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
ఇప్పుడే ఆఫ్ చెయ్. చదవడం తర్వాత, ముందు ఆఫ్ చెయ్.

టవర్‌క్లాక్_టెక్:
ఆయన చెప్పింది సీరియస్‌గా తీసుకో బ్రో. శాటా కరెంటు కనెక్టరు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్ల వరకే, అంటే 54 వాట్లు. 8 పిన్ మీద కార్డు 150 దాకా అడగొచ్చు. స్లాటు నించి 75 వరకు వస్తుంది, మిగతా సుమారు 100 ఆ సన్న వైరు మీదే లాగుతున్నావ్ నువ్వు. నా దగ్గరికి రిపేరుకి వచ్చిన ఒక సిస్టంలో అలాంటి కన్వర్టర్ ప్లాస్టిక్ మెత్తబడి పక్క డ్రైవు కనెక్టర్‌కి అంటుకుపోయింది, కత్తితో గీకి తీయాల్సొచ్చింది. మూత తీస్తే కాలిన బెల్లం పాకం వాసన.

నీ పవర్ సప్లై సంచిలో ఇంకో పీసీఐఈ వైరు ఉంటుంది చూడు, 650 వాట్లవాటిలో ఎక్కువగా రెండు 8 పిన్లు ఇస్తారు. ఒకవేళ మాడ్యులర్ అయితే ఇంకో కంపెనీ పవర్ సప్లై వైరు మాత్రం తెచ్చి పెట్టద్దు, కనెక్టర్ దూరినా లోపల పిన్నుల వరస వేరే ఉంటుంది, కార్డు పోతుంది.

కర్నూలు_ఎలివేషన్:
ఆఫ్ చేసినా. ముట్టుకుంటే ఆ కనెక్టరు నిజంగానే వెచ్చగుండె. అటక మీద డబ్బాలో వైరు దొరికింది, దానికి రెండు మూతులు ఉండాయి, ఇంగోటి లేదు. పై కార్డు వైరు వేరే, దీనికి ఇది. ఇప్పుడు కన్వర్టర్ లేదు.

అమ్మినాయన్ని ఏమనాల్నో అర్థం కాలా. ఫోన్ చేస్తే "నేను రెండేండ్లు వాడినా ఏం కాలేదు" అంటాడు.

రాయల్_గేమర్:
అన్నలూ ఒక డౌటు, మధ్యలో దూరినా ఏమనుకోవద్దు. నేను కొత్త సిస్టం కొందామని, ఐ5తో బీ760 బోర్డు, రెండు 4060 టీఐ 16 జీబీ కార్డులు అనుకున్నా, గేములు ప్లస్ కొంచెం ఏఐ. బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోయి తీసుకుంటా. గేముల్లో ఎఫ్‌పీఎస్ డబల్ వస్తాదా? ఎస్‌ఎల్‌ఐ లేదని ఇప్పుడే తెలిసింది కాబట్టి అడుగుతాండా 😂

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
గేముల్లో డబల్ కాదుకదా ఒక్క ఫ్రేము కూడా ఎక్కువ రాదు. డైరెక్ట్ఎక్స్ 12లో గేము రాసేటోళ్లే రెండు కార్డులకి రాసుకునే సౌకర్యం పెట్టినారు గానీ ఆ కష్టం పడినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

నా సొంత సోది ఒకటి చెప్తా విను. 2013లో జేఎన్టీయూలో చదివేటప్పుడు ట్యూషన్లు చెప్పిన దుడ్లు కూడబెట్టి రెండో జీటీఎక్స్ 660 కొన్నా. బోర్డు జెడ్77, చిప్‌సెట్ చూస్తే ప్రాసెసర్ 16 లేన్లని 8, 8 గా చీల్చేదానికి ఒప్పుకునే రకమే. బ్రిడ్జి పెట్టినా, డ్రైవర్లో ఎస్‌ఎల్‌ఐ అనే ఆప్షనే రాదు. వారం రోజులు నిద్దర లేదు. తీరా చూస్తే చిప్‌సెట్ ఒప్పుకున్నా నా బోర్డు చేసినోడు రెండో స్లాటుని ప్రాసెసర్‌కి కలపలేదు, ఖర్చు మిగిలిచ్చుకోని చిప్‌సెట్‌కి కలిపి ఎక్స్4 చేసినాడు. ఎస్‌ఎల్‌ఐకి కనీసం ఎక్స్8 ఉండాల, క్రాస్‌ఫైర్‌కి ఎక్స్4 చాలు. అందుకే డబ్బా మీద క్రాస్‌ఫైర్ బొమ్మ ఒక్కటే ఉండె, నేను అది చూసి "రెండు కార్డులు పడ్తాయి" అని మురిసిపోతి. హాస్టల్లో ఒకాయన బోర్డుతో మార్చుకోని చివరికి ఎస్‌ఎల్‌ఐ ఆడించినా, ఎఫ్‌పీఎస్ అంకె బ్రహ్మాండంగా ఉండె, ఆట మాత్రం ఎడ్లబండి మీద పోయినట్టు కుదుపు. రెండు నెలలకి ఒకటి అమ్మేసినా.

అందుకే చిప్‌సెట్ పేరు చూసి కొనాకు. చిప్‌సెట్ చెప్పేది ఒప్పుకుంటానా లేదా అని మాత్రమే. వైరు కలిపిందీ లేందీ బోర్డు చేసినోని ఇష్టం. బీ760, బీ660, హెచ్610 అయితే ప్రాసెసర్ లేన్లని చీల్చేదానికి అసలు ఒప్పుకోవు, రెండో కార్డు చిప్‌సెట్ కిందికే పోతాది. జెడ్690, జెడ్790 ఒప్పుకుంటాయి, కానీ వాటిల్లో కూడా చౌక బోర్డుల్లో రెండో స్లాటు చిప్‌సెట్‌దే. ఏఎండీలో బీ450 ఒప్పుకోదు, ఎక్స్470 ఒప్పుకుంటాది. బీ550 ఒప్పుకుంటాది గానీ నిజంగా ఎక్స్8 ఎక్స్8 ఇచ్చిన బోర్డులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ప్రోఆర్ట్ బీ550 క్రియేటర్, గిగాబైట్ విజన్ డీ లాంటివి. నువ్వు చూడాల్సింది స్పెసిఫికేషన్ పేజీలో "ఎక్స్8/ఎక్స్8" అనే మాట. అది లేకుంటే లేదు. అంగడాయన ఉంది ఉంది అన్నా లేదు.

దేవునికడప_జీపీయూ:
రాయల్ అబ్బీ, దీంట్లో నీకు కలిసొచ్చేది ఒకటుండాది. 4060 టీఐ ఎట్లా ఎక్స్8 కార్డే, స్లాటు ఎక్స్16 అయినా అది సగమే వాడుకుంటాది. కాబట్టి ఎక్స్8/ఎక్స్8 జెడ్790 దొరికితే రెండు కార్డులకీ వాటి పూర్తి హక్కు వస్తాది. కానీ అది గేముకి పనికిరాదు, ఏఐకే. గేములు ముఖ్యమైతే రెండిటి దుడ్లతో ఒక్క పెద్ద కార్డు తీసుకో.

చైనా ఎక్స్99 బోర్డుల మీద పాత జియాన్ సర్వర్ ప్రాసెసర్ పెట్టి నాలుగు కార్డులు ఆడించేటోళ్లు కూడా ఉండారు. ఈ5-2680 వీ4లో 40 లేన్లు ఉంటాయి, అన్నీ 3.0. ఏఐకి చౌక దారి అదే. నేను కూడా ఒకటి తెప్పించుకున్నా, బాగుండాది, కానీ మామూలు పనుల్లో ముసలెద్దు. బ్రౌజర్ తెరిస్తేనే తెలుస్తాది.

రాయల్_గేమర్:
ఒక్క కార్డే తీసుకుంటా అయితే. మా నాయన కూడా సంతోషపడ్తాడు.

కర్నూలు_ఎలివేషన్:
నాలుగు రోజుల తర్వాత వస్తాండా, లేటుకి సారీ, రెండు ఫ్లాట్ల పని ఉండె.

కార్డు వాపసు ఇయ్యలా. పవర్ లిమిట్ 75 పెట్టినా, అదే డ్యూప్లెక్సు సీను ఇప్పుడు 5 నిమిషాల 31 సెకన్లు. 25 సెకన్ల కోసం కొట్లాడేదేముంది. యూపీఎస్ అరవడం మానింది, అయినా రెండర్ టైములో మానిటర్ వైరు దాన్నించి తీసి గోడ ప్లగ్గుకి పెడతాండా, కొత్తది వచ్చే నెల చూస్తా.

వేడి సంగతి గట్టు అన్న చెప్పింది నిజం. పై కార్డు 82, కింది కార్డు 67. పైదాని ఫ్యాన్లు కిందదాని వీపుకి ఆనుకోని ఉండాయి కదా, గాలి యాడ్నించి వస్తాది. క్యాబినెట్ పక్క అద్దం తీసేసి టేబుల్ ఫ్యాను పెడితే పైది 74కి వచ్చింది. చూసేదానికి దరిద్రంగా ఉంది, పని అయితే అయితాంది. కూలరు మాత్రం ఎదురుగా పెట్టలా, తడి గాలి, దుమ్ము రెండూ లోపలికి పోతాయని.

కింది కార్డు పెట్టేటప్పుడు ఇంగొక తిప్పలు. బోర్డు అడుగున పవర్ బటన్ వైర్లు, ముందు యూఎస్‌బీ వైరు వచ్చే పిన్నులు ఉంటాయి గదా, కార్డు సరిగ్గా వాటి నెత్తిన కూచుంటాది. యూఎస్‌బీ కనెక్టర్ తల లావు, కార్డు పూర్తిగా దిగలా, ముందు రోజు నేను గమనించకుండా బలవంతంగా నొక్కింటి, మంచికి ఏం వంగలా. ఇప్పుడు ముందు యూఎస్‌బీలు పీకేసినా, వెనకవి వాడుకుంటాండా.

మిగిలింది ప్రాజెక్టుల ఎన్‌వీఎంఈ. దాన్ని యూఎస్‌బీ డబ్బాలో వేసి వెనక పోర్టుకి పెట్టినా, టెక్స్చర్లు తెరుచుకునేది కొంచెం నిదానం. శాటా ఎస్‌ఎస్‌డీ మేలా, ఇట్లే ఉంచుకోవాల్నా?

టవర్‌క్లాక్_టెక్:
నీ బోర్డులో 10 జీబీపీఎస్ యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూడు, దానికీ 10 జీబీపీఎస్ డబ్బాకీ జత కుదిరితే సెకనుకి 1 జీబీ దాకా వస్తుంది, శాటా 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. నీది నిదానంగా ఉందంటే 5 జీబీపీఎస్ పోర్టుకి పెట్టుంటావ్. ఇంకోటి, యూఎస్‌బీ మీదే ప్రాజెక్టు పెట్టి పని చేస్తుంటే వైరు కదిలి సేవ్ మధ్యలో ఊడితే ఫైల్ పోతుంది. నేనైతే తీరుబడిగా 2 టీబీ ఒకటి కొని మొదటి ఎం.2లోనే విండోస్, ప్రాజెక్టులు రెండూ పెట్టేస్తా. అంతవరకు రోజూ సాయంత్రం ఒక కాపీ తీసి పెట్టుకో.

కర్నూలు_ఎలివేషన్:
పోర్టు మార్చినా, ఎర్ర రంగుది. బాగుంది ఇప్పుడు.

అంగడాయనకి కూడా చెప్పొచ్చినా అన్నా, కోపంగా కాదు, మాన్యువల్ పేజీ ఫోన్లో చూపించినా. అద్దాలు పెట్టుకోని రెండుసార్లు చదివి, ఉగ్గాని తెప్పించి పెట్టి, "ఇంగ్లీషులో ఇంత చిన్నగా రాస్తే ఎవురు చదువుతారప్పా" అన్నాడు. పోయిన నెలలో కూడా ఒకాయన ఇట్లనే వచ్చింటే బోర్డు మార్పిచ్చినాడంట.

హెచ్చెల్సీ_గట్టు (అనంతపురం):
ఆ మార్పిచ్చుకున్నాయన పాత బోర్డు ఇంగా అంగట్లో ఉందేమో అడుగు, నాకు ఒక బీ550 కావాల.